టేపు బావ వదిలేసిన నాలుగు పలకలు

టేపు బావ కొలిస్తే గానీ ఆ ఇంట్లో ఏ వస్తువూ ఉన్నట్టు కాదు. నడుముకు బెల్టు మరిచిన రోజులున్నాయి గానీ, కొలత టేపు మరిచిన రోజు లేదు. భార్యకు మోకాలి ఆపరేషనైతే, ఆసుపత్రికి వెళ్లి ముందు ఆవిడ వాకర్‌ని కొలిచాడు. "ఈయన్ని కూడా చేర్చుకోమంటారా?" అని అడిగిందట నర్సు.

ఆవిడది మూడు వారాలుగా ఒకటే పాట: "ఇంటికి రాగానే పెరటి చెక్క వసారాలో కూర్చుని టీ తాగాలి." ఈలోగా దానికి స్టెయిన్, అదే చెక్కలోకి ఇంకే రంగు, వేసేస్తానని బావ మాటిచ్చాడు. ఇచ్చి, కొలవడం మొదలుపెట్టాడు.

సాయానికొచ్చిన బావమరిది నెత్తి పట్టుకున్నాడు. "పొడవూ వెడల్పూ గుణించడానికి పది రోజులేంటి బావా?"

"పలకల మధ్య సందులు తీసెయ్యొద్దూ? గాలికి రంగేస్తామా?"

"సరే, తీసెయ్."

"తీసేస్తే అంచులు కలపాలి. మళ్లీ మేకుల తలలు తీసెయ్యాలి."

ఆ తర్వాత పలక పలకకీ చెంచాడు నీళ్లు పోసి, ఏది ఎంత తాగుతుందో గడియారం పట్టుకు చూశాడు. చివరికి తేలింది: రెండు డబ్బాల మూడు చెంచాలు! ఆ మూడు చెంచాల కోసం మూడో డబ్బా కొన్నాడు మహానుభావుడు.

బ్రష్షు తడిసేసరికి గురువారం. ఆవిడ వచ్చేది శుక్రవారం. ఆరడానికి రెండు రోజులు. ఆదివారం నుంచి వానలట.

"అక్క టీ గంగలో కలిసింది. నీ టేపుకో దండం!" అన్నాడు బావమరిది, ఓ పక్క రంగు పూస్తూ.

సాయంత్రానికి చూస్తే, తలుపు దగ్గర్నుంచి నాలుగు పలకలు రంగు పడక పాలిపోయి అలాగే ఉన్నాయి. వాటి చివర కుర్చీ పట్టేంత చదరం కూడా. బావమరిదికి పండగే. "లెక్క తప్పిందా బావా! రంగు చాల్లేదా?"

బావ డబ్బా వంచి చూపించాడు. ఇంకా బోలెడుంది. బ్రష్షు కడుక్కున్నాడు.

మర్నాడు ఆవిడ పెరటి గుమ్మంలో వాకర్ దించింది. కాళ్లు నాలుగూ ఆ పలకల మీద సరిగ్గా పట్టాయి. అటో అంగుళం, ఇటో అంగుళం మిగిలింది. తడి తగలకుండా నడిచి, కుర్చీలో కూర్చుని, టీ ఒక గుక్క తాగింది. 

ఆవిడ వెనక్కి తిరిగింది. బావ తన కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడున్నాడు.

"ఇన్ని కొలిచారు కదా, మీ కుర్చీ ఎక్కడండీ?"

బావ తడి వసారాని అటూ ఇటూ చూశాడు. చెయ్యి మెల్లగా టేపు మీదికి పోయింది.