ముత్యం ఆట మానేసిన రోజు

కరోనాకు ముందు ఏడాది వేసవి బదిలీల్లో నన్ను అమలాపురం నుంచి కొత్తపేట వైపు ఒక ఏరియా పశువైద్యశాలకు వేశారు. హోదా సహాయ సంచాలకురాలు. శాఖలో అందరూ ఏడీ అంటారు. కింద ఊళ్లలో ఉండే పశువైద్యులు తమకు తేలని కేసులు మాకు పంపుతారు, మాకూ తేలకపోతే మేము పైకి పంపాలి. నాకు పైకి పంపడం ఇష్టం ఉండేది కాదు. మా పుట్టింట్లో తాతల నాటి నుంచి అందరూ మిషన్ బళ్లలో పంతుళ్లే. తెలియదని ఒప్పుకోవడం మీ వంశంలోనే లేదని మావారు ఆటపట్టించేవారు.

కోనసీమలో పశువైద్యుల రోజు గేదెతో మొదలై గేదెతో ముగుస్తుంది. పొదుగువాపు, ఎద సూదులు, అడ్డం తిరిగిన దూడలు. మధ్యలో మేకలు, కోళ్లు, ఈ మధ్య కుక్కపిల్లలు. గుర్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అవీ పెళ్లి ఊరేగింపుల గుర్రాలే. చదువుకునే రోజుల్లో గుర్రం గురించి చదివిందంతా పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయాను. అందుకే, గుర్రాల కండరాల్లో బిగువును చేత్తో వదిలించే పద్ధతి మీద శిక్షణ ఉంది, ఎవరు వెళతారని జిల్లా సమావేశంలో అడిగినప్పుడు ఎవరూ తల ఎత్తలేదు. ఇలాంటివి కొత్తగా వచ్చినవాళ్ల నెత్తినే పడతాయి. నన్ను పంపారు.

హైదరాబాదు శివార్లలో స్వారీ నేర్పే ఒక చోట ఆ శిక్షణ. నేర్పినావిడ పందెపు గుర్రాల మధ్యే వయసంతా గడిపిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా వృత్తిలో పశువును కదలకుండా పట్టుకోవడమే సగం వైద్యం. ట్రెవిస్ అనే ఇనుప చట్రంలో నిలబెడతాం, మోకు వేస్తాం, గుర్రమైతే పైపెదవికి తాడు మెలివేస్తాం. ఆ అలవాటుతో మొదటి రోజు చెవుల వెనక మెడ మీద చెయ్యివేసి చపాతీ పిండిలా పిసికాను. గుర్రం తల విదిలించి అవతలికి పోయింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, కాచిన పాల మీద మీగడ చిరగకుండా వేలు ఆనించినట్టు ఆనించమని హిందీలో చెప్పింది. ఆనించాక ఏం చెయ్యాలని అడిగాను. ఏమీ చెయ్యకుండా నిలబడమంది. ప్రభుత్వోద్యోగంలో అది కొత్త పనేమీ కాదు కదా అనుకుని నిలబడ్డాను.

కాసేపటికి గుర్రం కనురెప్ప బరువుగా వాలింది. కింది పెదవి వేలాడింది. నాలుకతో మూతి తడుపుకుని, ఉన్నట్టుండి దవడలు విరిగేలా ఆవులించింది. కడుపునొప్పేమోనని నేను స్టెతస్కోపు తీశాను. ఆవిడ నవ్వి, వద్దు, ఒంట్లో పట్టి ఉంచుకున్నది వదులుతోంది అంది. గుర్రం తోసినప్పుడు మనం ఎదురు తోయకూడదు, చెయ్యి తేలిక చేసి దానికి చోటివ్వాలి. నేర్చుకోవలసిందంతా అంతే. నేను మాత్రం బిత్తరపోయాను. అన్నేళ్ల ఉద్యోగంలో నా చేతి కింద పశువు బిగుసుకోవడమే ఎరుగుదును. వదలడం చూడడం అదే మొదలు.

తిరిగి వచ్చిన కొద్ది రోజులకే గంగరాజు ముత్యాన్ని తీసుకువచ్చాడు. గోదావరి లంక గ్రామం అతనిది. సెంటు భూమి లేదు. ముహూర్తాల్లో గుర్రం, మూఢాల్లో కొబ్బరికాయల ఒలుపు. ముత్యం తెల్లటి ఆడ గుర్రం, రాజోలు నుంచి రామచంద్రపురం దాకా పేరున్నది. నాలుగడుగులు నడిచి, ఎడమ ముంగాలు రొమ్ము దాకా ఎత్తి, ఒక్క క్షణం గాలిలో నిలిపి, తల పైకి విసిరి దించేది. ఆ అడుగుకి వీధి వీధంతా ఈలలే. నేనూ రెండు పెళ్లిళ్లలో చూసి చప్పట్లు కొట్టినదాన్నే.

"తిక్కరేగినట్టుందండీ డాక్టరమ్మగారూ. జీను కట్టబోతే పళ్లు పెడతందండి," అన్నాడు గంగరాజు. కొరడా పట్టే మనిషి కాదు. కళ్లెం కూడా తోలుదే, ముళ్లది కాదు. ఆట ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవరూ నేర్పలేదండి. నేను కొన్నప్పుడే ఆడేదండి. అది దేవుడిచ్చిన అడుగండి, ఆయ్," అని ముఖమంతా వెలిగిపోతూ చెప్పాడు.

పద్ధతి ప్రకారం అన్నీ చూశాను. జ్వరం లేదు, పళ్లు బాగున్నాయి, గిట్టల్లో పుండు లేదు. గట్టి నేల మీద పరిగెత్తించి చూస్తే కుంటు లేదు. అప్పుడు చెయ్యి వేశాను. ఎడమ బుజం వెనక, జీను ముందంచు ఆనే చోట, వెంట్రుకల కింద ఒక పాత మచ్చ తగిలింది. దాని చుట్టూ కండ మోకులా పేనుకుపోయి ఉంది. ఒకప్పుడు జట్కాకి కట్టి ఉంటారు, బుజం పట్టీ ఒరుసుకుని పుండుపడి మానిన చోటు. పళ్లు పెట్టడానికి కారణం దొరికిందని సంబరపడ్డాను.

ఓపీ ముగిశాక, వెనక రేకుల షెడ్డులో పని మొదలుపెట్టాను. ట్రెవిస్ లేదు, మోకు లేదు. తాడు వదులుగా గంగరాజు చేతిలో ఉంటుంది. మా కాంపౌండరు ఇదేదో ప్రార్థన అనుకుని దూరంగా నిలబడేవాడు. మొదట్లో ముత్యం చెవులు వెనక్కి మడిచి నన్ను అనుమానంగా చూసేది. కొన్నిసార్లు వచ్చాక ఒకరోజు తల మెల్లగా దించి గంగరాజు బుజం మీద ఆనించి, ఒకదాని వెనక ఒకటి ఆవులింతలు తీసింది. కాళ్లు వణికాయి, కళ్ల వెంట నీరు కారింది.

"అమ్మో, దీనికేదో అయిపోతందండీ!" అని అతను హడలిపోయాడు.

ఏమీ కాదు, ఒంట్లో పట్టి ఉంచుకున్నది వదులుతోందని, ఆవిడ నాతో అన్నట్టే అన్నాను. అలా అనగలిగినందుకు నాలో నేను మురిసిపోయాను కూడా. నా వేళ్ల కింద ఆ మోకు నిజంగానే మెత్తబడింది. ఆ తర్వాత జీను కడితే ముత్యం పళ్లు పెట్టలేదు, చెవి కూడా కదపలేదు. గంగరాజు ఒక గెల చక్కెరకేళీ అరటి తెచ్చి వరండాలో పెట్టి వెళ్లాడు.

ముహూర్తాలు వచ్చాయి. మొదటి ఊరేగింపు రాజోలులో, మా ఆఫీసు సూపరింటెండెంటుగారి అబ్బాయి పెళ్లి. మధ్యాహ్నం చర్చిలో వివాహం, సాయంత్రం వీధుల్లో ఊరేగింపు. నా రోగిని నలుగురిలో చూసుకోవాలని ముందు వరుసలో నిలబడ్డాను. సూటు వేసుకున్న పెళ్లికొడుకు ఎక్కాడు. బ్యాండు అందుకుంది. ముత్యం నడిచింది.

ఊరికే నడిచింది. కాలవకి నీళ్లకు వెళుతున్నట్టు, తల దించుకుని, చక్కగా నడిచింది. వీధి మలుపు తిరిగినా కాలెత్తలేదు. బ్యాండు వాళ్లు జోరు పెంచారు. గంగరాజు ముందుకు వచ్చి నాలుకతో చప్పుడు చేశాడు, "ఏమ్మా, ఏదీ, ఒక్కసారమ్మా" అని బతిమాలాడు. అది వాసన చూసి అతని జేబులో మూతి పెట్టింది. జనంలో నవ్వులు మొదలయ్యాయి. గుర్రాన్ని మార్చేశాడ్రోయ్, ముత్యమని చెప్పి ఇంకోదాన్ని తోలుకొచ్చాడని ఎవరో అరిచారు. పెళ్లివారి బంధువు ఒకాయన గంగరాజు చొక్కా పట్టుకున్నాడు.

"అదే ముత్యమండి! నా పిల్లల మీద ఒట్టండి, అదేనండి!" అంటున్నాడతను. అంటూనే చుట్టూ చూసి, నన్ను చూశాడు.

నేను కల్పించుకుని, గుర్రం అదేనని, దానికి వైద్యం చేసింది నేనేనని చెప్పి చొక్కా విడిపించాను. ఊరేగింపు ఏదోలా సాగింది. చెమట తుడుచుకుంటున్న బ్యాండు మేస్త్రిని, మీరు దరువు మార్చారా అని అడిగాను.

"మేం మార్చడమేంటండమ్మా. ఇన్నేళ్లూ అది కాలెత్తడం చూసి మేం దరువు కలిపేవోళ్లం. ఇవేళ అది ఎత్తట్లేదు, మేం దేనికని కలుపుతాం?" అన్నాడు.

అంటే అది దరువుకి ఆడలేదా అన్నాను.

"గుర్రానికి తాళం ఏం తెలుస్తదండి," అని నా అమాయకత్వానికి నవ్వి వెళ్లిపోయాడు.

తాళం తెలియని గుర్రం అన్నేళ్లు కాలు ఎందుకు ఎత్తింది? దానికి జవాబు నా వేళ్లకు అప్పటికే తెలుసు. నా బుర్రకే చేరలేదు.

మర్నాడు ఉదయం ఓపీ తెరవకముందే గంగరాజు ముత్యంతో సహా వచ్చి ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు. అది నాకు మరీ కష్టమైంది.

"మళ్లీ బిగించెయ్యండమ్మా," అన్నాడు. "మీరు చేత్తో వదిలించేరు కదండీ. అలాగే చేత్తో బిగించెయ్యండి. ముందెలా ఉండేదో అలా చేసి ఇచ్చెయ్యండి, చాలండి. పళ్లు పెడితే పెట్టనివ్వండి, నేను పడతానండి."

ఉద్యోగంలో చాలా మంది చాలా కోరికలు కోరారు. నయమైన జబ్బును తిరిగి తెప్పించమని అడిగినవాడు అతనొక్కడే. అప్పటికే రెండు ఊరేగింపులవాళ్లు ఫోన్ చేసి వద్దన్నారట. ఇంటికి కూడు పెట్టేది ఆ అడుగే. ఇంకో గుర్రాలాయన ఒక ఉపాయం కూడా చెప్పాడట.

"జీను కింద ఆ బుజం కాడ మేకులు గుచ్చిన బిళ్ల ఒకటి పెడితే ఆడతదన్నారండి. నాకు మనసొప్పలేదండి. అందుకే మీ దగ్గరికొచ్చేను."

నోటితో చెబితే వినే స్థితిలో అతను లేడు, చెప్పే స్థితిలో నేనూ లేను. జీను వెయ్యమన్నాను. అతని కుడి అరచేతిని ముత్యం ఎడమ బుజం మీద పెట్టించాను. నేను జీను ముందంచును పట్టుకుని, పెళ్లికొడుకు బరువు పడే చోటే, వదిలిన కండ మళ్లీ బిగుసుకునేంత గట్టిగా, ఆ పాత మచ్చ మీదికి ఒక్కసారి అదిమాను.

ముత్యం ఎడమ ముంగాలు రొమ్ము దాకా ఎత్తింది. గాలిలో నిలిపింది. తల పైకి విసిరింది.

అదే అడుగు. బ్యాండు లేదు, దీపాలు లేవు, రేకుల షెడ్డులో పొద్దున్న పూట. వెంటనే చెయ్యి తీసేశాను. కాలు దిగింది. గంగరాజు మాత్రం అరచెయ్యి తియ్యలేదు. కండ కింద నుంచి కర్రలా ఎలా లేచిందో, ఎలా వణికిందో అతని చేతికి తెలిసింది.

"నేను కొన్నప్పట్నుంచీ ఇదేనా అండి?" అన్నాడు.

అవును, అది ఆట కాదు, నొప్పేనన్నాను.

"ఇది కాలెత్తినప్పుడల్లా నేను చప్పట్లు కొట్టేవాణ్ణండి. మా పిల్లల చేత కూడా కొట్టించేవాణ్ణి," అన్నాడు. ముత్యం తల తిప్పి అతని జేబు వెతుక్కుంది.

గంగరాజు మేకుబిళ్ల పెట్టలేదు. జీను ముందంచు మచ్చకి తగలకుండా ఎత్తుగా కుట్టించాం. చేతులు ఎలా ఆనించాలో అతనికే నేర్పాను, నాకంటే త్వరగా పట్టుకున్నాడు. గుర్రం దగ్గర నిలబడి ఏమీ చెయ్యకుండా ఉండడం అతనికి సహజంగానే వచ్చు. ఊరేగింపులు మాత్రం పోయాయి. ఆ ముహూర్తాలన్నీ అతను కొబ్బరి ఒలుపుకే వెళ్లాడు. తర్వాత తర్వాత, పెళ్లికి ముందు జంటల ఫోటోలు తీసేవాళ్లకి ఓడలరేవు బీచిలో కదలకుండా నిలబడే గుర్రం కావలసి వచ్చింది. ముత్యం ఎంతసేపైనా నిలబడుతుంది. మునుపటి రాబడి లేదు. కనబడినప్పుడు అడిగితే, "నడుస్తందండి" అంటాడు.

దాని ఊరేగింపులు ఇంకో గుర్రానికి వెళ్లాయి. అదీ బాగా ఆడుతుందట. ఒకసారి చెయ్యివేసి చూస్తానని దాని యజమానిని అడిగాను. నవ్వి, మా గుర్రం బాగానే ఉందండీ, మీ చెయ్యి మాకొద్దు అన్నాడు. తప్పు పట్టడానికి అతని జీను కిందా కళ్లెంలోనూ నాకేమీ కనబడలేదు. యజమాని ఒప్పుకోనిదే రోగి కాని పశువును ముట్టుకునే అధికారం నాకు లేదు.

పశువు వస్తే ఏ పని మానేసిందని అడగడం మాకు కాలేజీలో నేర్పారు. మేత మానేసిందా, పాలు తగ్గించిందా, కుంటుతోందా అని. ఏ పని అందరికంటే బాగా చేస్తోందని అడగమని ఎవరూ నేర్పలేదు. ముత్యం తర్వాత, రిటైరయ్యే దాకా, ఏ ఊళ్లో పశువైద్య శిబిరం పెట్టినా జబ్బు పశువుల వరుస అయిపోయాక, ఈ ఊళ్లో అందరూ మెచ్చుకునే పశువు ఏదని అడిగేదాన్ని. సంబరంగా తోలుకొచ్చేవారు. దాని మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడేదాన్ని. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. కొన్నిసార్లు ఉండేది.