అమ్మ సాక్ష్యం చెప్పిన చెయ్యి

ఈ మధ్యాహ్నం మార్కాపురంలో ఎముకల డాక్టరుగారు మా పాప ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, మణికట్టు దగ్గర ఎముక చిట్లిందని, అది అతుక్కున్నా ఎముకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే లిగమెంట్ తెగి ఉంటే దానికి వేరే వైద్యం చేయాలని, స్కాన్ తీయించి సోమవారం రమ్మని, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. పక్కన నిలబడ్డ మా అమ్మ తన కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, "నా చెయ్యి ఇరిగిన పొద్దు ఈ మాట ఎవరూ చెప్పలేదేంది పాపా?" అని నన్ను అడిగింది. నేను పాప చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

చెప్పారు. నాకు చెప్పారు.

మన తరం ఇంటర్ రోజులు గుర్తున్నాయి కదా, ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా, మందుల చీటీ అయినా బ్యాంకు ఉత్తరమైనా, కాలేజీకి పోయే పిల్ల చేతిలోనే పెట్టేవారు. నేను బైపీసీ రెండో ఏడు. యర్రగొండపాలెం దగ్గర మా ఊళ్లో అమ్మ మేకలకు తుమ్మ మండలు కొడుతూ బండ మీద నుంచి జారి, చెయ్యి ఆనించి పడింది. మార్కాపురంలో పిండికట్టు వేసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఎముకతో పాటు లిగమెంటూ తెగిందని, కట్టు విప్పేదాకా ఆగకుండా గుంటూరు తీసుకెళ్లి ఆపరేషను చేయించమని చెప్పి, చీటీ రాసిచ్చాడు. బయట నాయన బస్సుకు తొందరపడుతున్నాడు. లిగమెంటుకు మా ఇంట్లో మాట లేదు. నరం తెగిందంట, గుంటూరు పొమ్మన్నాడు అన్నాను.

"నరమా? దానికి గుంటూరెందుకమ్మా? మీ జేజి నాలుగు దినాలు ఆముదం రుద్దితే అదే సర్దుకుంటది" అని తన తల్లి వైద్యం మీద భరోసాతో నవ్వినాడు నాయన.

అది నరం కాదని నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ వాళ్లిద్దరూ గుంటూరు పోతే మేకల వెంట నేను పోవాలి, ఆ వారమే ప్రాక్టికల్స్. చీటీని రికార్డు పుస్తకంలో పెట్టుకుని ఊరుకున్నాను.

కట్టు విప్పిన రోజు ఉన్నది వేరే డాక్టరు. ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది, చీటీ నేను చూపలేదు. జేజి ఆముదం రుద్దింది. ఆ ఆదివారం అమ్మ చర్చిలో లేచి, దేవుడు తన చెయ్యి బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది, అందరూ స్తోత్రం అన్నారు. ఆ తరువాత మేకపాలు పితకబోతే పట్టు జారినా, తడిబట్ట పిండలేకపోయినా, నొప్పి అన్న మాట ఆమె నోట రాలేదు. అందరి ముందు బాగైందని చెప్పిన చేతిని మళ్లీ బాగాలేదని ఎట్లా అంటుంది?

"ఏందిమే, చెంబు గూడ మొయ్యలేవు, కోడలు రాకముందే అత్తవైపోయినావా?" అని నాయన ఎగతాళి చేస్తే, తనూ నవ్వి చెంబు ఎడమ చేతికి మార్చుకునేది.

ఇదంతా రాస్తున్నా నాకు ఏడుపు రావడం లేదు. పాప గురించి పడాల్సిన భయం కూడా ఎక్కడో దూరంగా ఉంది.

బస్సులో వస్తూ అమ్మ, సోమవారం తన చెయ్యి కూడా చూపించుకుంటానంది. "దేవుడేమీ అనుకోడులే. నాకు ఆళ్లతో మాట్లాడను రాదు, అన్నీ నువ్వే చెప్పు పాపా" అంది. సరేనన్నాను. అప్పట్లో చదువుకున్న పిల్ల చెప్పిందంటే ఇంట్లో మరో మాట ఉండేది కాదు. ఇప్పుడు డాక్టర్లు బొమ్మలు గీసి చెబుతున్నారు, మనం రెండుసార్లు అడిగి ఫోనులో రాసుకుంటున్నాం, ఏడేళ్ల మా పాప కూడా నా ప్రతి మాటకూ ఎందుకని అడుగుతుంది. అమ్మ మాత్రం నన్ను ఇంకా నమ్ముతూనే ఉంది.