బావ నా చేతికివ్వని యాసిడ్ క్యాన్

బావ పోయాడని కూర్మన్నపాలెంలో అక్కావాళ్ళింటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మధురవాడలో ఆఫీసు మెట్లు దిగుతున్నాను. ఊపిరి అందలేదట. ఆసుపత్రికి చేర్చేలోగానే అయిపోయిందట. మా అక్క భర్త ఆయన. ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత వచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచీ చెప్తాను, ఆయన నన్ను మోసం చేసిన సంగతీ చెప్తాను.

నా నడుం నొప్పికి ఈతే మందని డాక్టరు అంటే పెరట్లో చిన్న ఈతకొలను కట్టించుకున్నాను. ఉప్పు కలిపిన నీళ్ళు, ఆ ఉప్పు నుంచే క్లోరిన్ తీసే యంత్రం. "ఊరి పక్కన సముద్రం ఎట్టుకుని పెరట్లో ఉప్పునీళ్ళు కట్టుకున్నోణ్ణి నిన్నే సూసేన్రా" అని బావ తెగ నవ్వాడు. నెల తిరక్కుండానే నా సరదా తీరిపోయింది. నీళ్ళు మసకబారాయి, మెట్ల మీద తెల్లగా పెచ్చు కట్టింది, కళ్ళు మండాయి. తెలివిగా ఇంకాస్త ఉప్పు పోశాను.

స్టీలు ప్లాంటులో నీళ్ళు శుద్ధిచేసే చోట పనిచేసి రిటైరైన బావ వచ్చి, గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేశాడు. ముదురు గులాబీ రంగు తిరిగింది. పీహెచ్ పెరిగిపోయిందన్నాడు. ఈ యంత్రం నడిచినన్నాళ్ళూ అది పెరుగుతూనే ఉంటుందట, కొంచెం కొంచెంగా యాసిడ్ పోసి దించుకోవాలట. నేను ముచ్చటపడి పెట్టించుకున్న నీటిధార కూడా దాన్ని పెంచేదేనని ఆపించేశాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేవాడు. బకెట్లో ముందు నీళ్ళు, తర్వాతే యాసిడ్. గాలి వీపుకేసి ఉండేలా నిలబడి, మోటారు నడుస్తుండగా లోతు వైపు గట్టు వెంట నెమ్మదిగా పోసేవాడు. నేను గొట్టం చూసి, రంగు బాగానే ఉందని దాటేయబోతే ఊరుకునేవాడు కాదు. "ఎలాగుంటే అలాగే సెప్పాల, మనకి నచ్చినట్టు కాదు" అనేవాడు. పనయ్యాక అక్క పంపిన నెత్తళ్ళ చేపల వేపుడు ఇద్దరం గట్టు మీదే తినేవాళ్ళం. నా నడుం బాగుపడిందంటే ఆయన చలవే.

క్యాన్ మాత్రం నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. "నీవి కంప్యూటర్ సేతులు, ఒలకబోసేత్తావు" అని తోసేసేవాడు. ఈ మధ్య ముఖానికి తువ్వాలు చుట్టుకునేవాడు. దగ్గొస్తే దుమ్మనేవాడు. నమ్మాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక అక్క నన్ను వాళ్ళ పెరట్లోకి పిలిచింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, యాసిడ్ ఆవిరి అస్సలు తగలకూడదని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పారట. మా ఇంటికి వెళ్ళొద్దని అక్క పోట్లాడితే, పోసేది తమ్ముడేనని, తను దూరంగా కుర్చీలో కూర్చుని చెప్తాడంతేనని ఒట్టేశాడట.

ఉన్నదున్నట్టు చెప్పమని నాకు నేర్పిన మనిషి, ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పాడు. అదీ నా ఇంట్లో, నా నీళ్ళ కోసం, పక్కన గాజుగొట్టం పట్టుకుని నేను నిలబడి ఉండగా. తెలిస్తే ఆ కొలను పూడ్పించేసేవాణ్ణి. అందుకే చెప్పలేదు. ఆ సాయంత్రాలంటే ఆయనకి ప్రాణం కదా అని సర్దిచెప్పుకోబోతాను. మనసొప్పదు. నన్నడక్కుండానే తన చావులో నాకూ భాగం పెట్టాడు.

"నువ్వే గదరా పోసీవోడివి?" అంది అక్క.

ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాలేదు.

"ఔనక్కా, నానే" అన్నాను.

అక్క నా కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. యాసిడ్ పోసేవాళ్ళ చేతుల మీద ఎక్కడో ఒకచోట చిందిన మచ్చ ఉంటుంది. బావకి ఉద్యోగం నాటివీ కొత్తవీ కలిసి ఎన్నో. అక్క నా చేతిని వెలుతురుకేసి తిప్పి, కొంగుతో తుడిచి, వెనకా ముందూ చూసింది. ఒక్క మచ్చ లేదు. లోపల్నుంచి ఎవరో పిలుస్తున్నా ఆ చెయ్యి వదల్లేదు.