రెండో కాజాకి తెల్ల దారం

ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపల చూడటం అలవాటు కాబట్టి ఆవిడకి అస్తరమ్మ అని పేరు పడిపోయింది. అస్తరంటే కోటుకో జాకెట్టుకో లోపలివైపు వేసే పల్చటి బట్ట. పైపైన చూసి మోసపోనివాడు లేడు, లోపల చూసి మోసపోయినవాడూ లేడు అనేది ఆవిడ సిద్ధాంతం. "మనుషుల్ని కూడా ఇలా తిరగేసి చూసే వీలుంటే నీ పాలెందుకు పడేదాన్ని" అని అప్పుడప్పుడూ మొగుణ్ణి దెప్పుతుంది. ఆయన జవాబుగా పేపర్లో పేజీ తిప్పుతాడు.

ఇరవై మూడేళ్ళుగా ఆవిడది ఒకటే పని. ఆదివారం పొద్దున్నే ఆరింటికి రేకుల షెడ్డులో పాతబట్టల మూటలు విప్పుతారు. అక్కడ కూర్చుని, పనికొచ్చేవి ఏరి, షాపుకి చేరవెయ్యాలి. మిగతా ఆరు రోజులూ షాపు వెనక గదిలో కూర్చుని వాటిని బాగుచెయ్యాలి. ఒకప్పుడు ఆ షాపు మీద "పాత బట్టలు" అని బోర్డు ఉండేది, జనం ముక్కు మూసుకుని దాటిపోయేవారు. షాపాయన బోర్డు మార్చి "వింటేజ్" అని రాయించాడు. అదే జనం అవే బట్టల కోసం లోపలికొచ్చి అద్దం ముందు వయ్యారాలు పోతున్నారు. బట్టలు మారలేదు, అస్తరమ్మ నడుంనొప్పీ మారలేదు.

ఇత్తడి జిప్పుంటే పాతది, ప్లాస్టిక్ జిప్పుంటే కొత్తది. కుట్టు పక్కన బట్ట ధారాళంగా వదిలి ఉంటే మంచి దర్జీ చేతిది. బెల్టులో ఏ చిల్లు సాగిందో చూస్తే దాని యజమాని ఎప్పుడు లావెక్కాడో తెలుస్తుంది. హ్యాండుబ్యాగు తెరిచి వాసన చూస్తే చాలు, తడిగదిలో పడి ఉన్నదో బీరువాలో గౌరవంగా బతికినదో చెప్పెయ్యగలదు. ఇదంతా ఒకప్పుడు సరదాగా ఉండేది. ఇప్పుడు మూట ముందు కూర్చుంటే మళ్ళీ లేవడానికి పక్కవాళ్ళ భుజం కావాలి.

ఆ ఆదివారం షెడ్డులో ఆవిడ వెతికింది మాత్రం షాపు కోసం కాదు. ముదురాకుపచ్చ ఉన్నికోటు కోసం. అలాగని కొత్తగా వెతకడమూ కాదు, పదకొండేళ్ళుగా వెతుకుతూనే ఉంది. మూటలవాళ్ళు ఆవిడకి పచ్చరంగు పిచ్చి అనుకుని పచ్చకోటు ఏదొచ్చినా పక్కన పెట్టి ఉంచుతారు. ఈసారి తేడా ఏమిటంటే గడువు పడింది. గురువారం అక్క ఆసుపత్రిలో చేరుతోంది. కడుపులో గడ్డ, మర్నాడే ఆపరేషను. "ఆసుపత్రిలో చలి పుట్టించి చంపుతారట. అమ్మ కోటు పట్టుకురా, వేసుకుని వెళ్తాను" అని ఫోన్లో చెప్పింది.

అమ్మ కోటు అస్తరమ్మ దగ్గర లేదు. లేదన్న సంగతి అక్కకి తెలియదు.

వాళ్ళమ్మ ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో పనిచేసింది. జీవితంలో తనకోసం కొత్తగా కొనుక్కున్న ఖరీదైన బట్ట అదొక్కటే. ముప్ఫై చలికాలాలు వేసుకుంది. పొద్దున్నే కోటు తొడుక్కున్నాకే పొయ్యి మీది కెటిల్ దించేది, అలా ఒకసారి కోటు చేతి అంచు కాలిపోయి, బొటనవేలంత గోధుమరంగు మచ్చ పడింది. అమ్మ పోయాక అక్కే అంది, "కోటు నీ దగ్గరే ఉండనీవే. నీ చేతిలో బట్ట పాడవదు" అని. అక్క ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. బడిలో గుమాస్తాగా చేసి రిటైరైంది, బస్సు కండక్టరుతో కూడా బేరమాడుతుంది. అలాంటి మనిషి నోటివెంట వచ్చిన మాటని అస్తరమ్మ ఒంటికి పూసుకున్నంత సంతోషపడింది.

కోటుని షాపుకి తీసుకెళ్ళి తీరిక చేసుకుని బాగుచేసింది. పురుగు తిన్న మోచేతికి రఫ్ఫు చేసింది, అంటే బట్ట పోయిన చోట దారాలల్లి చిల్లు కనిపించకుండా పూడ్చింది. కొత్త అస్తరు వేసింది. చంక దగ్గర బట్ట చాలక వేరే రంగు ముక్క అతికింది. కాలిన మచ్చ జోలికి మాత్రం వెళ్ళలేదు. అక్కడితో ఆగి ఇంటికి తెచ్చుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఆ షాపులో ఒక పద్ధతుంది. కుట్టుపని ముగిసిన బట్టకి రెండో కాజాలోంచి తెల్ల దారం తీసి, గుండీకి కలిపి ముడి వేస్తారు. ఆ ముడి చూసి షాపాయన బట్టని ముందుగదిలో అద్దాల వెనక తగిలిస్తాడు. ఎవరైనా కొంటే వాళ్ళ ఎదురుగా అస్తరమ్మే దారం తెంపి ఇస్తుంది. అమ్మ కోటుకి ఆఖరి కుట్టు వెయ్యగానే ఆవిడ చెయ్యి తనంతట తాను దారం తీసి ముడి వేసేసింది. మర్నాడు ఆవిడ కోరపన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. బుగ్గలో దూది కుక్కుకుని ఆ మర్నాడు వచ్చేసరికి కోటు లేదు.

"ఎవరో ఆవిడ కొన్నారండీ. కళ్ళద్దాలు, పొట్టిగా ఉన్నారు. చేతి అంచు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. బేరం కూడా ఆడలేదు" అన్నాడు షాపాయన. కళ్ళద్దాలు పెట్టుకున్న పొట్టి ఆడవాళ్ళు ఊళ్ళో సగంమంది ఉంటారు. వాళ్ళల్లో ఎవర్ని పట్టుకుని అడగాలి?

ఆ రోజే అక్కకి చెప్పేస్తే పోయేది. అమ్మ పోయి రెండు నెలలే అయింది, ఏ మొహం పెట్టుకుని చెప్పడం, దొరికాక చెబుదాంలే అనుకుంది. దొరకలేదు. ప్రతి చలికాలం మొదట్లో అక్క ఫోన్లో అడిగేది, "కోటు బాగుందా?" అని. "బాగుంది. కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టాను" అని ఈవిడ చెప్పేది. తేలు కుట్టిన దొంగలా పదకొండు చలికాలాలు గడిపింది. మూటలు మోసీ బట్టలు కుట్టీ అలిసిపోయాననుకుంటుంది గానీ, నిజానికి ఆవిడ అలిసిపోయింది ఆ కలరా ఉండల మోతతో.

ఆ ఆదివారం నాలుగో మూటలో ఒక పచ్చకోటు దొరికింది. అదే రంగు, అదే కత్తిరింపు, అదే వెడల్పు కాలరు. అక్కడికక్కడే తిరగేసి చూసింది. అస్తరు కంపెనీ వేసిందే, చంకలో అతుకు లేదు. అమ్మది కాదు. మళ్ళీ మూటలో పడెయ్యబోయి ఆగింది. కొత్తవాటిని పాతవిగా అమ్మేవాళ్ళని ఇరవై మూడేళ్ళు పట్టుకుని తిట్టిన మనిషి, ఆ కోటుని మడిచి చంకలో పెట్టుకుంది.

సోమవారం మోచేతి దగ్గర శుభ్రమైన బట్టకి కత్తెరతో చిల్లు పెట్టి, ఆ చిల్లుకి రఫ్ఫు చేసింది. షాపాయన తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"బాగున్న కోటు చింపి కుడుతున్నారేంటండీ? ఒంట్లో బానే ఉందా?"

"నా పని నన్ను చేసుకోనివ్వండి."

ఆయన ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. మంగళవారం అస్తరు మార్చి, గుర్తుపెట్టుకుని మరీ చంకలో వేరే రంగు ముక్క అతికింది. బుధవారం మధ్యాహ్నం కోటుని తిరగెయ్యకుండా మామూలుగా బల్ల మీద పరిచి, మచ్చ ఏ వైపుండేదో కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంది. బల్లకి కిటికీ ఉన్న వైపు చెయ్యి. ఇస్త్రీపెట్టె మొనతో ఆ చేతి అంచు కాల్చింది. గదంతా వెంట్రుకలు కాలిన కమురు కొట్టింది. పని అచ్చుగుద్దినట్టు కుదిరింది. చూసుకుంటే గర్వం రావాలి గానీ, ఆవిడ రెండోసారి చూడకుండా మడిచి సంచీలో కుక్కేసింది.

గురువారం అస్తరమ్మ వెళ్ళేసరికి అక్క ఇంట్లో సంచీ సర్దుకుని కూర్చుంది. కోటు తొడుక్కుంది. మోచెయ్యి తడుముకుంది. ముందు ఒక చేతి అంచు చూసుకుంది, తర్వాత రెండోది చూసుకుంది.

"చాలా కష్టపడ్డావే" అంది.

"కష్టమేముంది, పెట్టెలోంచి తియ్యడమే కదా."

అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నాకేమైనా చెప్పాలా నువ్వు? రేపు మత్తిచ్చి పడుకోబెడతారు. లేస్తానో లేదో."

చెప్పడానికి నోరు తెరిచింది అస్తరమ్మ. రేపు ఆపరేషను పెట్టుకున్న మనిషికి ఇవాళ ఈ సంగతి చెప్పడమా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

"ఏముందక్కా చెప్పడానికి."

"ఏం లేదులే. పద, టైమవుతోంది."

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ తీసేశారు, భయం లేదన్నారు. శనివారం పొద్దున అక్క పూర్తిగా తెలివిలోకొచ్చి, నీరసంగా తాళాల గుత్తి వైపు చెయ్యి చూపించింది. "ఇంటికెళ్ళి బీరువాలో కింది అర తియ్యి. నీలం సంచీలో శాలువా ఉంటుంది, పట్టుకురా."

అస్తరమ్మ రెండు బస్సులు మారి, మూడంతస్తులు ఎక్కి, రొప్పుకుంటూ బీరువా తెరిచింది. నీలం సంచీ విప్పగానే ఘుప్పున కలరా ఉండల వాసన. లోపల ముదురాకుపచ్చ ఉన్ని. తెలిసిపోయినా చెయ్యి ఊరుకోక తిరగేసింది. చంకలో వేరే రంగు ముక్క, తన సొంత కుట్టు. మళ్ళీ మామూలుగా తిప్పింది. రెండో కాజాలో తెల్ల దారం, గుండీకి వేసిన ముడి వేసినట్టే ఉంది. షాపు చీటీ కూడా తియ్యలేదు.

ఆవిడ కోటు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. అక్క మీద కోపం వచ్చింది, సిగ్గు కోపాన్ని మింగేసింది, ఆ తర్వాత ఒళ్ళంతా ఖాళీ అయిపోయినట్టు నీరసం వచ్చింది. పదకొండేళ్ళ ఆదివారాలన్నీ ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చున్నట్టయింది.

ఆసుపత్రిలో అక్క దిండుకి ఆనుకుని ఉంది. దొంగకోటు కాళ్ళ మీద కప్పుకుంది. అస్తరమ్మ నీలం సంచీ మంచం మీద పెట్టింది.

"శాలువా లేదు" అంది.

"నాకు శాలువా ఎప్పుడుందే?"

"ఎప్పుడు కొన్నావు?"

"నిన్ను చూద్దామని మీ షాపుకొచ్చాను. నువ్వు లేవు. అమ్మ అద్దాల వెనక నిలబడి ఉంది."

"బేరమాడలేదట."

"అమ్మకి బేరమాడతానా?" అక్క దిండు మీద కొంచెం పైకి జరిగింది. "మీ ఆయన ఉద్యోగం పోయి అప్పటికి నెల్లాళ్ళు. ఇబ్బందిలో అమ్ముకున్నావనుకున్నాను. అందులో తప్పేముంది? మొహం మీద అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. నువ్వే చెప్తావని ఏటా అడుగుతూ వచ్చాను, కోటు బాగుందా అని."

"నేను అమ్ముకోలేదక్కా." అస్తరమ్మ దారం సంగతి, పన్ను సంగతి, షెడ్డు సంగతి అన్నీ చెప్పింది. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఓసి పిచ్చిదానా, అంతేనా?" అంది అక్క. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా బీరువాలో కోటు కోసం ఆ మూటల్లో వెతికావా?"

"నువ్వైనా చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది. నాకూ పంతమే." దొంగకోటు చేతి అంచు మీద వేలితో రాసింది. "ఇది బాగా చేశావే. ఇంట్లో అసలుది పెట్టుకుని, మోచెయ్యి తడిమి నేనే ఒక్క క్షణం తికమకపడ్డాను. మచ్చ ఒక్కటే కుదరలేదు. కుడిచేతికి పెట్టావు. అమ్మది ఎడమచేతి వాటం కదే."

అస్తరమ్మకి దెబ్బ అక్కడ తగిలింది. కెటిల్ ఎడమచేత్తో దించే అమ్మ, ఎడమచేత్తో జడ వేసిన అమ్మ, ఎడమచేత్తో లాగి చెంపదెబ్బ కొట్టిన అమ్మ. అదేదీ బుధవారం మధ్యాహ్నం గుర్తు రాలేదు. అప్పట్లో బాగుచేసేటప్పుడు బల్ల మీద తిరగేసి పరిచిన కోటు గుర్తొచ్చింది. తిరగేస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అమ్మ ఒంటి మీది కోటు మర్చిపోయి, తన బల్ల మీది కోటు గుర్తుపెట్టుకుంది. మంచం అంచున కూర్చుని, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

అక్క ఏడవనిచ్చింది. తర్వాత అసలు కోటు ఆవిడ ఒళ్ళోకి నెట్టింది.

"ముందు ఈ దారం తెంపు. కొన్నవాళ్ళ ఎదురుగా నువ్వే తెంపాలని మీ షాపాయన చెప్పాడు. అందుకే నేను ముట్టుకోలేదు. పదకొండేళ్ళుగా కోటుంది గానీ తొడుక్కుని ఎరగను."

అస్తరమ్మ బ్యాగులో కత్తెర కోసం వెతికింది. బుధవారం బల్ల మీదే వదిలేసినట్టుంది. పళ్ళతో దారం కొరకొద్దని షాపులో అందర్నీ తిట్టే మనిషి, వంగి ముడిని నోట్లో పెట్టుకుంది. పదకొండేళ్ళ కిందట కోరపన్ను పీకించుకున్న వైపు దారం తెగలేదు. రెండోవైపుకి మార్చుకుని కొరికింది.