నలభై ఏడో పేజీ

ప్రూఫక్క వేలు ఒకచోట ఆగిందంటే అక్కడ తప్పు ఉండి తీరుతుంది. చూపులేనివాళ్ళ కోసం ఉబ్బెత్తు చుక్కల్లో బ్రెయిల్ పుస్తకాలు అచ్చువేసే ఆ చిన్న ప్రెస్సులో ఇరవై రెండేళ్ళుగా ఇదే లెక్క. ప్రూఫులు దిద్దుతుంది కాబట్టి అందరికీ ఆమె ప్రూఫక్క. ఆమెకు ఏడేళ్ళ వయసులోనే కళ్ళు పోయాయి. ఎదురుగా కూర్చున్న మాస్టారు అసలు ప్రతిని పైకి చదువుతుంటే, ఆమె చూపుడువేలు చుక్కల మీద పరుగులు తీసేది. ఒక్క చుక్క సరిగా లేవకపోయినా "ఆగండి మాస్టారూ" అనేది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఒకటే మాట నూరిపోసేది: "ఉన్నది చదవండి. ఉండాల్సింది చదివారో, కొంప ముంచుతారు."

అలాంటి మనిషికి నడుంనొప్పి పట్టుకుంది. కుర్చీని తిట్టుకుని మార్పించింది. కొత్త కుర్చీని కూడా తిట్టుకుంది. ఒకరోజు గట్టిగా దగ్గితే పక్కటెముక విరిగింది. దగ్గుకు ఎముక విరగడమేమిటని ప్రెస్సంతా నవ్వితే, తనూ నవ్వబోయి నొప్పితో విలవిల్లాడింది. పరీక్షలన్నీ అయ్యాక తేలిన పేరు మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జకు వచ్చే క్యాన్సరు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఎముకల లోపలి మజ్జలో రోగాలతో పోరాడటానికి ఉండే కణాలే దారితప్పి, అడ్డూ అదుపూ లేకుండా పెరిగి, పనికిరాని ప్రొటీనును పోగేస్తున్నాయి. ఎముకల్ని గుల్ల చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పూర్తిగా తుడిచిపెట్టడం కష్టం కానీ, అణిచి ఉంచవచ్చు; అలా ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. వారానికోసారి పొట్ట దగ్గర చర్మం కింద ఇంజెక్షను, దాంతోపాటు మాత్రలు. నాలుగైదు నెలల్లో జబ్బు లొంగితే, కొత్త రక్తాన్ని పుట్టించే ఆమె మూలకణాల్నే తీసి దాచి, గట్టి మందుతో మజ్జను ఖాళీ చేసి, వాటిని తిరిగి ఎక్కించే పద్ధతి ఒకటుంది. అది వద్దనుకుంటే మందులతోనే కొనసాగవచ్చు.

"దానికి తొందరేం లేదు, ఆలోచించుకోండి. ఒకటి మాత్రం మర్చిపోకండి. ఈ ఇంజెక్షను ఒక్కోసారి నరాల్ని దెబ్బతీస్తుంది. తిమ్మిర్లు మొదలైతే ఆ వారమే నాకు చెప్పాలి."

మూడో నెలలో మొదలైంది. ముందు కాలివేళ్ళలో. ప్రూఫక్క పట్టించుకోలేదు. తర్వాత చేతివేళ్ళ కొసలకు పల్చటి గుడ్డ చుట్టినట్టు అనిపించింది. సరిగ్గా ఆ వారమే చెడ్డ ప్రొటీను సగానికి సగం పడిపోయిందని రిపోర్టు వచ్చింది.

"తిమ్మిర్లేమైనా ఉన్నాయా?" అంది డాక్టరమ్మ.

"అబ్బే, లేవండీ."

చెప్తే ఇంజెక్షను ఆపేస్తారు, ఆపేస్తే జబ్బు మళ్ళీ విరుచుకుపడుతుంది. చెప్పకపోతే వేళ్ళు పోతాయి. అంటే రెండోసారి కళ్ళు పోవడమే. ఈ రెండు భయాల మధ్య ఆమెకు ముద్ద దిగేది కాదు.

అందుకని తనకు తానే ఒక పరీక్ష పెట్టుకుంది. తను మొట్టమొదట దిద్దిన కథల పుస్తకం, కుట్లు ఊడిపోయి విడి కాగితాలుగా మిగిలింది. రోజూ పొద్దున్నే అందులో మొదటి పేజీ బల్ల మీద పెట్టుకుని పైకి చదివేది. "అనగనగా ఒక రేవులో ముగ్గురు పడవవాళ్ళు..." తడబాటన్నది లేకుండా చివరిదాకా చదివి, హమ్మయ్య అనుకునేది. వేళ్ళు దివ్యంగా ఉన్నాయి. తిమ్మిరంటారా, చలి కదా మరి!

ఆమె మొగుడు అదే ప్రెస్సులో మెషీన్ తిప్పుతాడు. చూపున్నవాడు, చుక్కల్ని కంటితోనే చదువుతాడు, మాట తక్కువ. ఒకరోజు మాస్టారు అతన్ని పక్కకు పిలిచి, "మీ ఆవిడ చేతిలోంచి ఈ వారం పదకొండు తప్పులు జారిపోయాయయ్యా. రెండో ప్రూఫులో దొరికాయి. నేను చెప్పానని అనకు" అన్నారు.

మర్నాడు పొద్దున ఆమె యథాప్రకారం రేవు దగ్గర మొదలుపెట్టి పేజీ ముగించింది.

"అయిందా?" అన్నాడు మొగుడు.

"అయింది. ఒక్క తప్పు లేదు."

"అది నలభై ఏడో పేజీ."

"ఏంటీ?"

"నేనే మార్చి పెట్టాను. అందులో రేవూ లేదు, పడవవాళ్ళూ లేరు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "గుడ్డిదాన్ని చేసి ఆడిస్తారా నన్ను!" అని అరిచి కాగితం విసిరికొట్టింది. అతను ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. అప్పటికిగాని ఆమె నోట అసలు మాట రాలేదు.

"చెప్తే మందు ఆపేస్తారండీ. ఆపేస్తే చచ్చిపోతాను."

ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ఒక్కో వేలి కొసా నొక్కి చూసి, "ముందే చెప్పాల్సింది" అని గట్టిగానే అంది. ఆమె వేళ్ళు వదిలి, "ప్రెస్సులో పని అంటే ఏం పనో నేనూ అడగలేదు. అది నా తప్పు. కానీ ఈ మందు ఒక్కటే ఉందని ఎందుకనుకున్నారు? డోసు తగ్గించొచ్చు, ఇంజెక్షనుకీ ఇంజెక్షనుకీ ఎడం పెంచొచ్చు, లేదా నరాల జోలికి అంతగా పోని మందు పెట్టొచ్చు. మీకు మందు మార్చేస్తాను" అంది.

"వేళ్ళు తిరిగొస్తాయా?"

"చాలామందికి మెల్లగా నయమవుతుంది. నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను. మూలకణాల సంగతి తర్వాతి రిపోర్టు చూసి ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."

మందు మారింది గానీ భయం మారలేదు. ఈ కొత్తది జబ్బును అణుస్తుందో లేదోనని ఇప్పుడు ఇంకో బెంగ.

ఇంట్లో బల్ల మీదికి మాత్రం రోజూ కొత్త పేజీ వస్తోంది, ఆమె ఎన్నడూ ముట్టనిది. మొదటి రోజు మూడో వరుసలోనే చుక్కలన్నీ కలిసిపోయాయి. ఇక్కడేముందో చెప్పండి అని పక్కనున్న మొగుణ్ణి అడగబోయి మానుకుంది. వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. పేజీ అయ్యేసరికి చేసిపెట్టిన టీ చల్లారిపోయింది.

"ఎన్ని తప్పులు?" అని అడిగింది.

"ఎందుకులే ఇప్పుడు."

"ఉన్నది చెప్పండి."

"పంతొమ్మిది."

ఆమె ఆ అంకెను ఒక కాగితం మీద చుక్కల్లో గుచ్చింది. దాని కింద పెన్నుతో కూడా రాయమంది, డాక్టరమ్మ చదవాలి కదా. ఆసుపత్రి ఫైల్లో, రక్తపరీక్ష రిపోర్టు పక్కన పెట్టమని అతని చేతికిచ్చింది.