తెల్ల దుప్పటి మీద సీళ్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. ఇప్పుడు నేనే అలాంటిదొకటి చెప్పాల్సి రావడం ఇంకా చిరాకు. కానీ మా బావ మీద నేను వేసిన నింద చుట్టాల్లో అలాగే ఉండిపోయింది. అందుకే చెబుతున్నాను.

పందొమ్మిదివందల అరవైల చివర్లో మేం నాంపల్లిలో కిరాయికుండేవాళ్లం. నేను ఆ పక్కన గన్‌ఫౌండ్రీ పేటలో ఒక బ్యాంకు గుమాస్తాను. ఓనర్ సేటు పై అంతస్తులో ఉండేవాడు, శుద్ధ శాకాహారి. ఇంట్లో చేపా మాంసం వండితే అదే రోజు ఖాళీ చేయాలన్నది షరతు. క్రైస్తవులమని తెలిసీ ఇల్లిచ్చాడు కాబట్టి మేమూ మాట మీదే ఉన్నాం.

మా అక్క భర్త ఓడలో వైర్‌లెస్ ఆపరేటర్. ఒకసారి ఆ ఓడ న్యూజిలాండ్‌కి ఇంకా కింద, మనుషులే లేని దీవులకు, పక్షులనూ సీళ్లనూ చూడాలన్న విదేశీయులను తీసుకెళ్లింది. అప్పటినుంచి బావకు వేరే మాట లేదు. అన్నం దగ్గర దీవులు, చర్చి మెట్ల మీద దీవులు. చేపలు తినే సీళ్ల కంపుకు, దీవి కంటికి కనబడకముందే ముక్కుకు తెలుస్తుందట!

సెలవుకు ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం బావ దీవుల బొమ్మలు చూపిస్తానని ఎవరి దగ్గరో ప్రొజెక్టర్ అడిగి తెచ్చి, కిటికీలు మూయించి, గోడకు మా తెల్ల దుప్పటి కొట్టించాడు.

"సీల్ చూడనీకి గంత దూరం పోవుడేందన్నయ్యా? ఆబిడ్స్ పోస్టాఫీసుల అడిగితే ఠక్కున కొడ్తరు కదా" అంది నా భార్య.

"గా సీల్ కాదమ్మా, సముద్రపు జంతువు. మీసాలు, పొట్ట, అచ్చం మీ సేటు లెక్క!" అన్నాడు బావ.

ఆఖరి బొమ్మలో నల్లరాళ్ల మీద సీళ్లు, అన్నీ మా వైపే చూస్తూ. నా భార్య ఉన్నట్టుండి కాళ్లు పైకి లాక్కుంది. అప్పుడే వాసన మొదలైంది. కుళ్లిన చేపల వాసన. కాసేపటికే సేటు తలుపు కొట్టాడు.

"ఏంది సారూ, నా ఇంట్ల చేపలా?"

ఇల్లు పోతుందన్న భయం, బావ మీద అప్పటికే పేరుకున్న విసుగు. "మా బావ తెచ్చిండు సేట్‌జీ, ఇప్పుడే పంపిస్త" అన్నాను. ఆయన పెట్టెలో ఎండుచేపలున్నాయనే అనుకున్నాను. బావ పెట్టె తెరిచి చూపించలేదు. అక్కను తీసుకుని స్టేషన్‌కి వెళ్లిపోయాడు.

తర్వాత దుప్పటి విప్పితే కింది అంచు బాగా తడిసి ఉంది. వాసన దానిదే. దాని వెనకున్న గోడ మాత్రం పొడి. ఆరాక అంచు పొడవునా తెల్లగా ఉప్పు తేలింది. బొమ్మలు చూస్తుండగా కాళ్లకు చల్లటి నీళ్లు తగిలాయని నా భార్య అప్పుడు చెప్పింది. నేల కూడా పొడిగానే ఉంది.

వెంటనే పైకెళ్లి సేటుకు చెప్పాల్సింది. ఏమని చెప్పను, సముద్రం వచ్చిందనా? ఇల్లు నిలిచింది. అక్క మళ్లీ మా గడప తొక్కలేదు.

ఎండుచేపల బావ అని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. అక్క ఎందుకు రావట్లేదని వాళ్లడిగినప్పుడు ఆ పేరు నేను పెట్టిందే. ఆయన చేపలు తేలేదు. ఆ నీళ్లు ఎక్కడివో మాత్రం నాకు ఈరోజుకీ తెలియదు.