ముందే రాసిపెట్టిన నిల్

ఏమీ లేని చోట ఆకాశాన్నీ భూమినీ కలుగజేసిన దేవునికి స్తోత్రం. ఆయన శూన్యాన్ని నింపాడు. ఆ రోజుల్లో హోసూరులో నేను గుమాస్తాగా చేరిన సర్కారు కచేరీ మాత్రం నిండుగా ఉన్న లోకాన్ని వారానికోసారి శూన్యం చేసి పైకి పంపేది. అందుకు మాకున్న సాధనం 'నిల్' అనే ఇంగ్లీషు మాట. ఏమీ లేదు అని దాని అర్థం. (అంత చిన్న మాట నీడన అంతమంది కుర్చీలు వేసుకొని కూర్చోవడం నేను మరెక్కడా చూడలేదు.) కలరా నిల్, మిడతలు నిల్, పశువుల రోగం నిల్, ఏనుగుల వల్ల పంట నష్టం నిల్. పల్లెల నుంచి కరణాలు పంపిన కాగితాలు చదివి, ప్రతి సోమవారం అన్నిటినీ ఒక్క షీటులోకి ఎక్కించి పై కచేరీకి పంపడం నా పని. ఏమీ జరగకపోయినా, జరగలేదని రాసి పంపి తీరాలి. చేరిన రోజే మా పెద్ద గుమాస్తా ముక్కుపొడి పీలుస్తూ నాకు ఉపదేశం చేశాడు. "ఈడ చూడప్పా, రిపోర్టు పోకుంటే మెమో వస్తాది. ఏమన్నా రాసి పంపితే పది ప్రశ్నలొస్తాయి. నిల్ అని పోతే ఎవురూ చదవరు."

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బైబిలు వాక్యం కంఠతా వచ్చినవాణ్ణని మా చర్చి సంఘంలో పేరు. కచేరీలో నన్ను 'పాస్టరప్ప' అని పిలిచేవారు. అది ఎగతాళి అని తెలిసినా లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఆ నవంబరులో కృష్ణగిరిలో పది రోజుల ఉజ్జీవ కూటాలు పెట్టి, 'సత్యం' మీద సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. సెలవైతే దొరికింది కానీ మధ్యలో రెండు సోమవారాలు అడ్డొచ్చాయి. పదకొండు నెలలుగా ఆ షీటులో నిల్ తప్ప మరో మాట రాసి ఎరగను. అందుకని రాబోయే రెండు సోమవారాల తేదీలు వేసి, రెండు షీట్ల నిండా నిల్ రాసి, పెద్ద గుమాస్తా చేత సంతకాలు చేయించి (ఆయన చదివి సంతకం పెట్టిన కాగితం నా కంటబడలేదు), ఏ సోమవారం ఏది పంపాలో బంట్రోతుకు చెప్పి బస్సెక్కాను. మనసు కొంచెం గుచ్చుకుంది. అందుకే బస్సులోనే కళ్లు మూసుకొని, నా షీట్లు అబద్ధం కాకుండా ఏనుగులన్నిటినీ అడవిలోనే ఉంచమని ప్రార్థించాను. దేవునికే పని పురమాయించాను అన్నమాట. కృష్ణగిరిలో వేదిక ఎక్కి, ఈ చేత్తో ఒక్క అబద్ధపు అక్షరం రాయలేదని చెయ్యెత్తి చూపించాను. ముందు వరుసలోని అమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

తిరిగొచ్చేసరికి కచేరీ బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. డెంకణికోట అవతల అడవి అంచు పల్లెలో రైతు. ఒడిలో నలిగిన రాగి కంకుల కట్ట. ఆయన చేలో ఏనుగులు పడ్డాయని కరణం రాసిన కాగితం మొదటి శనివారమే మా కచేరీకి చేరింది. బంట్రోతు దాన్ని భద్రంగా నా బల్ల మీద పెట్టి, సోమవారం నా షీటు పంపేశాడు. వారం తర్వాత రెండోది కూడా. తప్పెట్లు, టపాకాయలతో ఏనుగుల్ని తరిమే మనుషులను పంపమని పెద్దాయన పై కచేరీకి వెళ్లి అడిగితే, మీ వైపు ఏనుగులే లేవు పొమ్మని నా షీట్లు రెండూ చూపించారట.

"నేను అబద్ధమాడతాండానంటప్పా," అన్నాడాయన, కోపం లేకుండా. "మా ఊర్లో ఏనుగులే లేవంట. మరి నా చేన్లో సగం తినిపోయిందెవురు, మీ కచేరీ వాళ్లా? ఇంకా సగం మిగిలుండాది. మనుషులొస్తే అది దక్కుతాది. ఏడుమందిమి తినాల."

పెద్ద గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు. పోయిన నిల్‌ను వెనక్కి పిలిస్తే ఇద్దరి మెడకూ చుట్టుకుంటుందని, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుచేశాడు. వచ్చే సోమవారం షీటులో ఏనుగులు కొత్తగా వచ్చినట్టు రాస్తే సరిపోతుందన్నాడు. సోమవారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. దేవుని చిత్తం కనిపెట్టాలి, కాసేపు ప్రార్థన చేసుకొని వస్తానని పెద్దాయనతో అన్నాను. (చిత్తం ఏమిటో నాకు అప్పటికే తెలుసు. వేరే చిత్తం ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ.)

ఆయన కంకుల కట్ట నా బల్ల మీద పెట్టాడు. "మొక్కుకో అప్పా, వద్దనలే. రాసినాక మొక్కుకో. పొద్దు వాలితే అవి మళ్లా దిగుతాయి."

రాశాను. రెండు షీట్లూ ముందుగానే నింపినవని, ఆ పల్లె పంట ఏనుగుల పాలవుతోందని, తప్పు నాదని రాసి, ఆ మధ్యాహ్నం బస్సుకే బంట్రోతు చేత పై కచేరీకి పంపాను. మర్నాడు మనుషులు తప్పెట్లతో దిగారు. అప్పటికి మిగిలిన సగంలోనూ కొంత పోయింది. తక్కింది దక్కింది.

నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. వెంట ఒక సంజాయిషీ ఫారం. అందులో ఒక గడి: ఇటువంటి తప్పు ఇంతకుముందు ఎన్నిసార్లు చేశారు? నిల్ అని రాసెయ్యప్పా అన్నాడు పెద్ద గుమాస్తా, నిజంగా నా మేలు కోరే. కలం పెట్టబోయి ఆగాను. పదకొండు నెలల సోమవారాలలో కరణాల కాగితాలు విప్పి చదివినవి ఎన్ని, కట్ట విప్పకుండానే నిల్ రాసినవి ఎన్ని? ఎంత లెక్కపెట్టినా తేలలేదు. 'తెలియదు' అని రాశాను. ఉద్యోగం ఖాయం కావడానికి మరో ఏడాది పట్టింది.

వేదిక మీద చెయ్యెత్తి నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద జాలి కూడా. చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతో తల వంచండి. ప్రభువా, నేను విప్పి చూడని కాగితాల వెనుక ఆకలితో ఉన్నవారెవరో నీకు తెలుసు. వారి ఇళ్లు నింపు. నన్ను క్షమించు. ఆమేన్.